అన్నము పెట్టు చేయి, ఆజ్ఞ వ్రాయు చేయి

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి.కిని, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకును, కుతుబ్ సంస్థాగత ప్రాంతమునకును నడుమ ఒదిగియున్న కటవారియా సరాయ్ ఒకనాటి పల్లె. నగరము నలుదిక్కుల నుండి చుట్టుముట్టగా పొలములు పోయి ఇండ్లు మాత్రము మిగిలి, ఆ ఇండ్లే అంతస్తు మీద అంతస్తు వేసికొని, గది గదికి ఒక విద్యార్థిని నింపుకొన్న మేడలైనవి. ఇంజనీరింగు సర్వీసుల పరీక్షకో, గేటునకో, సివిల్సునకో బిడ్డను ఢిల్లీకి పంపిన తెలుగు కుటుంబములు పెక్కింటికి ఈ పేరు పరిచితమే. ఎదుటి బాల్కనీని చేయి చాచి అందుకొనదగినంత ఇరుకైన ఈ గల్లీలలో, టీకొట్టు బల్లల క్రిందను, నిలిపియుంచిన మోటారుసైకిళ్ళ నీడలోను, మనుష్యులతోబాటు వీధికుక్కలును కాపురముండుచున్నవి.

ఇట్టి గల్లీలలో కుక్కలకు ఆహారము పెట్టువారెవరని గమనించినచో, పురుషులు లేకపోలేదు గాని, ఎక్కువగా కనబడువారు స్త్రీలే. మెస్సులో మిగిలిన రొట్టెలను కాగితములో చుట్టి తెచ్చు విద్యార్థిని, ఇంటిపని ముగించుకొని గడప ప్రక్క నీళ్ళ గిన్నె ఉంచు ఇల్లాలు, నాలుగిండ్లలో అంట్లు తోమి మరలిపోవుచు దారిలో నిలిచి పేరు పెట్టి పిలుచు పనిమనిషి — ఢిల్లీ యైనను హైదరాబాదైనను ఈ తీరొక్కటే. ఏ కుక్క ఈనినది, దేనికి శస్త్రచికిత్స జరిగి చెవి కొన కత్తిరింపబడినది, ఏది కొత్తవారిని చూచిన మొరుగును, ఏది పిల్లల చేతిలోని బిస్కత్తుకై వెంటబడును అను వివరములు పురపాలక కార్యాలయపు దస్తరములలో దొరకవు. అవి ఆ స్త్రీలకు కంఠస్థములు. అందులకు లోకము వారికిచ్చు ప్రతిఫలము మాత్రము ఎత్తిపొడుపు. పిల్లలు లేనిది గనుక కుక్కలను సాకుచున్నదనియు, ఇంటిలో పని లేక వీధిలో పడినదనియు, ఆడదానికి రాత్రివేళ గల్లీలో ఏమి పనియనియు అనుటకు వెనుదీయని నోళ్ళు ప్రతి కాలనీలోను ఉన్నవి. అదే అన్నము ఒక పురుషుడు పెట్టినచో అతని సంతానమును గూర్చి ఎవరును ప్రశ్నింపరు. జంతువుల యెడ మానవుల ప్రవర్తనను గూర్చి స్త్రీవాదులు చేయు విచారణ ఈ చిన్న భేదము నొద్దనే ఆరంభమగుచున్నది.

2025 ఆగస్టు 11వ తేదీన సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు జె.బి. పార్దీవాలా, ఆర్. మహాదేవన్‌ల ధర్మాసనము, ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, గాజియాబాదు ప్రాంతములలోని వీధికుక్కలన్నింటిని పట్టి ఆశ్రయములలో ఉంచవలెననియు, అందులకు ఎనిమిది వారములలో ఏర్పాట్లు చేయవలెననియు, పట్టినదానిని మరల వీధిలో విడువరాదనియు ఆజ్ఞాపించెను. దేశమంతయు అట్టుడికినట్లుడికిన పిమ్మట, ఆ నెల 22వ తేదీన న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతా, ఎన్.వి. అంజారియాలతో కూడిన ముగ్గురి ధర్మాసనము ఆ ఆజ్ఞను సవరించి, సంతాననిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, నులిపురుగులకు మందిచ్చి, పట్టిన చోటనే విడువవలెననియు, పిచ్చి సోకినవానిని, సోకినట్లు అనుమానమున్నవానిని, కరవజూచు స్వభావము గలవానిని మాత్రము విడువరాదనియు, ఆహారము పెట్టుటకు వార్డు వార్డునకు ప్రత్యేక స్థలములను నిర్ణయింపవలెననియు చెప్పెను. నవంబరు 7వ తేదీన మరల, పాఠశాలలు, ఆసుపత్రులు, క్రీడాప్రాంగణములు, బస్సు, రైలు స్టేషనుల ఆవరణలలోని కుక్కలను తొలగించి, అక్కడ తిరిగి విడువవద్దని ఇంకొక ఆజ్ఞ వెలువడినది. ఈ మూడు ఆజ్ఞల నడుమ ఎందరో మాటలాడిరి. రోజూ గిన్నె పట్టుకొని గల్లీలో దిగు స్త్రీ మాత్రము వార్తలలో ఒక వేడుక వస్తువుగనో, ఒక దోషిగనో తప్ప కనబడలేదు.

అయితే ఈ వ్యవహారములో మరియొక స్త్రీ కూడ ఉన్నది. ఆమెను మరచి వ్రాసినది స్త్రీవాదము కానేరదు. కటవారియా సరాయ్‌కి ఎంతో దూరము లేని వసంత కుంజ్‌లోని ఒక పేదల బస్తీలో 2023 మార్చి నెలలో, రెండు దినముల తేడాతో, ఏడేండ్లవాడొకడును ఐదేండ్లవాడొకడును, ఒక తల్లి కన్న అన్నదమ్ములు, వీధికుక్కల వాత బడి మరణించిరి. దానికి ముందు నెలలోనే హైదరాబాదు అంబర్‌పేటలో, కాపలా పని చేయు ఒక తండ్రి వెంట వచ్చిన నాలుగేండ్ల బాలుడు కుక్కల మంద నోట బడినాడు. ఈ బిడ్డలెవరును ప్రహరీగోడలున్న ఇండ్లవారు కారు. తెల్లవారకముందే చీపురు పట్టుకొని బయలుదేరు పారిశుద్ధ్య కార్మికురాలికి, బహిర్భూమికి చీకటిలో పోవలసిన బస్తీ బాలికకు, కుక్క యనిన భయము ఊహ కాదు. రేబిస్ లక్షణములు బయటపడిన పిదప బ్రతుకుట దాదాపు అసాధ్యము. ప్రపంచములో ఆ వ్యాధివలని మరణములలో నూటికి 36 మన దేశమునందే సంభవించుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. జంతుప్రేమ పేరిట ఈ దుఃఖమును చిన్నదిగా చేసి మాటలాడువారిని చూచిన నాకు బాధ కలుగును.

ఐనను ఈ ఇద్దరు స్త్రీలను, అన్నము పెట్టుదానిని, బిడ్డను పోగొట్టుకొన్నదానిని, పరస్పర శత్రువులుగా నిలబెట్టుట అన్యాయము. ఒక ప్రాంతములోని కుక్కలలో నూటికి 70కి టీకా పడినచో వ్యాధి వ్యాప్తి నిలుచునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మరి టీకా వేయవలెనన్న కుక్క చేతికి చిక్కవలెను గదా! వలతో తరుమువానిని చూచి పారిపోవు కుక్క, రోజూ అన్నము పెట్టు చేతి వద్దకు తోక ఊపుచు వచ్చును. ఆ నమ్మకమే శస్త్రచికిత్సకును టీకాకును దారి. ఆ దారి మూసినచో గల్లీలో భయము పెరుగునే గాని తరుగదు. 2023 నాటి జంతు సంతాన నియంత్రణ నియమములు స్థానిక పర్యవేక్షణ సంఘములను ఏర్పరచుమనుచున్నవి. ఆ సంఘములలో అన్నము పెట్టు స్త్రీకి ఒక కుర్చీ, బస్తీ తల్లికి ఒక కుర్చీ, తెల్లవారుజామున వీధి ఊడ్చు స్త్రీకి ఒక కుర్చీ వేసి, కుక్కలకు తిండి పెట్టు చోటు పాఠశాల ద్వారము నొద్ద కాక ఎక్కడ ఉండవలెనో వారినే నిర్ణయింపుమన్నచో, సుప్రీంకోర్టు మూడుమార్లు తలబట్టుకొన్న చిక్కులో సగము విడును.

ఇక ఈ ప్రశ్నకు స్త్రీలతో ఇంతటి సంబంధమెట్లు కలిగినదో చూతము. 1792లో ఇంగ్లాండులో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కులను సమర్థించుచు తన సుప్రసిద్ధ గ్రంథమును ప్రకటించినది. అదే సంవత్సరమున థామస్ టేలర్ అను ప్లేటో పండితుడు పేరు చెప్పుకొనక, పశువుల హక్కుల సమర్థనమను ఒక పరిహాస గ్రంథమును వెలువరించెను. స్త్రీలకు హక్కులున్నవన్నచో కుక్కలకును గుఱ్ఱములకును కూడ ఉన్నవనవలసి వచ్చునని, అది ఎంత హాస్యాస్పదమో చూడుడని ఆతని వాదము. ఆ పరిహాసమే ఒక సత్యమును బయటపెట్టినది. బుద్ధి గలవాడే హక్కునకు పాత్రుడని, ఆ బుద్ధి పురుషునిదేనని ఒక కొలబద్ద పెట్టుకొన్నవారికి, స్త్రీయు పశువును ఆ కొలబద్దకు అవతల ఒకే ప్రక్కన నిలిచియుండిరి. విశేషమేమనగా, వోల్‌స్టన్‌క్రాఫ్ట్ అంతకు నాలుగేండ్ల ముందే పిల్లలకై వ్రాసిన కథల పుస్తకములో మూగజీవుల యెడ దయను మొదటి పాఠముగా పెట్టినది. ఆమెను వెక్కిరింప వచ్చినవాడు ఆమె ఇదివరకే నడచిన దారినే చూపెను.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ రెండు దారులును కలిసినవి. ఫ్రాన్సెస్ పవర్ కాబ్ 1875లో, ప్రాణముతోనున్న జంతువులను కోసి పరీక్షించుటకు వ్యతిరేకముగా ఒక సంఘము స్థాపించినది. ఆమెయే 1878లో, భర్తల చేతిలో హింసపడు భార్యలను గూర్చి వ్రాసిన వ్యాసము, దెబ్బలు తిన్న భార్యకు విడిగా బ్రతుకు హక్కు నిచ్చిన చట్టము ఆ సంవత్సరమే వచ్చుటకు తోడ్పడినది. ఆనా కింగ్స్‌ఫర్డ్ ఒక్క జంతువునైనను కోయకుండ పారిస్‌లో 1880లో వైద్యపట్టము పొందినది. 1902లో లండన్‌లోని స్త్రీల వైద్యపాఠశాలలో చేరిన లిజీ లిండ్ అఫ్ హాగెబీ, లీసా షార్టౌ అను ఇద్దరు స్వీడిష్ యువతులు, 1903లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఒక గోధుమరంగు కుక్కపై జరిగిన పరీక్షను చూచి, తమ దినచర్యలో వ్రాసి ప్రకటించిరి. ఆ పరీక్ష చేసిన అధ్యాపకుడు పరువునష్టపు దావా గెలిచినను, 1906లో బాటర్సీలో ఆ కుక్కకు ఒక విగ్రహము వెలసినది. దానిని పగులగొట్టుటకై వైద్యవిద్యార్థులు 1907లో వీధుల కెక్కిరి. స్త్రీల ఓటుహక్కు సభలలోను చొరబడి అల్లరి చేసిరి. 1910లో పోలీసుల కాపలాలో, రాత్రివేళ, ఆ విగ్రహమును తొలగించిరి. కుక్క విగ్రహముపై కోపము ఓటడుగు స్త్రీల సభపైకి మళ్ళుట యాదృచ్ఛికము కాదు. తమ అధికారమును ప్రశ్నించువారెవరైనను వారి కంటికి ఒక్కరుగనే తోచిరి.

మన దేశములో ఈ చరిత్రకు మూలపురుషుడని చెప్పదగినది ఒక స్త్రీ. కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకు నామినేటు చేయబడి, జంతుహింసా నివారణకై సొంతముగా ఒక బిల్లును సభ ముందుంచినది. ఒక నర్తకి, ఒక స్త్రీ, బండి ఎద్దుల మెడపుండ్లను గూర్చియు, ప్రయోగశాలల కోతులను గూర్చియు పార్లమెంటులో మాటలాడుట ఆ రోజులలో ఎందరికి వింతయో ఊహింపవచ్చును. నెహ్రూ ఆమె ఆశయమును మెచ్చుకొని, ప్రభుత్వమే సమగ్రమైన చట్టము తెచ్చునని మాటయిచ్చి, బిల్లును ఉపసంహరింపజేసెను. ఆ మాట ఫలించి 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. 1977లో మొరార్జీ దేశాయి ఆమెను రాష్ట్రపతి పదవి స్వీకరింపుమని కోరగా ఆమె వలదనెను. ఆ పదవి ఏకగ్రీవముగా మన నీలం సంజీవరెడ్డిగారిని వరించినది. రాష్ట్రపతి భవనమును కాదన్న ఆమె, మూగజీవుల మండలిని మాత్రము చివరి వరకు విడువలేదు. ఆమె తెచ్చిన చట్టపు దుర్గతి వేరు కథ. 1960లో మొదటి నేరమునకు నిర్ణయించిన జరిమానా 10 రూపాయలు మొదలు 50 రూపాయల వరకు; కుక్కను కొట్టి హింసించినవాడు ఆ చట్టము క్రింద నేడును ఆ పాత లెక్కనే చెల్లించి ఇంటికి పోవచ్చును. ఈ నిర్లక్ష్యము నన్ను కలచివేయును.

ఆమె నాటిన బీజము తెలుగునాట కూడ స్త్రీల చేతులలోనే మొలకెత్తినది. 1992లో అక్కినేని అమల హైదరాబాదులో బ్లూక్రాస్‌ను స్థాపించినది; ఆ సంవత్సరమే ఢిల్లీలో మేనకా గాంధీ పీపుల్ ఫర్ ఆనిమల్స్‌ను ఆరంభించినది.

ఇరువదవ శతాబ్దపు చివరి భాగమున జంతువుల హక్కులను గూర్చి తత్త్వశాస్త్రములో పెద్ద చర్చ లేచినది. 1975లో పీటర్ సింగర్ వ్రాసిన గ్రంథమును, 1983లో టామ్ రేగన్ వ్రాసిన గ్రంథమును దానికి పునాదులు. సింగర్ తన గ్రంథపు ముందుమాటలో ఒక సంగతి చెప్పును: జంతువులనిన తనకెంతో ప్రేమ యని చెప్పుకొనుచు వరాహమాంసము తిను ఒక గృహిణి ఇంట తేనీటి విందునకు పోవలసి వచ్చినదనియు, తానును తన భార్యయు ఆమె వలె జంతుప్రియులము కామనియు, తమకు కావలసినది న్యాయమే గాని వాత్సల్యము కాదనియు. 1990లో జోసెఫిన్ డోనవన్ తన వ్యాసమును సరిగా ఈ సంగతితోనే మొదలుపెట్టి ఒక మౌలికమైన ప్రశ్న వేసినది. న్యాయమును స్థాపించుటకు వాత్సల్యమును అవమానింపవలసిన పని యేమి? వాత్సల్యము స్త్రీసహజమైన బలహీనతయని, తర్కము పురుషోచితమైన బలమని ఏ సంప్రదాయము నేర్పినదో, జంతువును ప్రాణమున్న యంత్రముగ చూడుమని నేర్పినదియు ఆ సంప్రదాయమే కదా! 1982లో కారల్ గిలిగన్ స్త్రీల నైతిక ఆలోచనలను పరిశీలించి, నీతికి సూత్రముల భాష మాత్రమే కాక, ఎవరు ఎవరిపై ఆధారపడియున్నారో చూచి బాధ్యత వహించు భాష కూడ ఉన్నదని చూపినది. డోనవన్ ఆ దృష్టిని జంతువుల వరకు విస్తరించినది. కొలబద్ద పట్టుకొని ఈ ప్రాణికి హక్కు కలదా లేదా యని తూచుటకు ముందు, దాని ముఖము వంక చూచి, అది ఏమి కోరుచున్నదో, దేనికి వెరచుచున్నదో తెలిసికొనుట నీతిలో మొదటి మెట్టని ఆమె సిద్ధాంతము. గల్లీలోని స్త్రీ ఏ కుక్క స్వభావమేదో ఎరిగియుండుట ఈ లెక్కన మెత్తదనము కాదు; అది ఒక విధమైన విజ్ఞానము.

డోనవన్ వ్యాసము వెలువడిన 1990లోనే కారల్ ఆడమ్స్ మాంసాహారమునకును పురుషాధిపత్యమునకును గల సంబంధమును గూర్చి ఒక గ్రంథము వ్రాసినది. పళ్ళెములోనికి వచ్చునప్పటికి ప్రాణి మాయమై వస్తువు మాత్రమే మిగులుట, ప్రకటనలలో స్త్రీ మాయమై శరీరభాగములు మాత్రమే మిగులుట ఒకే చూపు చేయు పనులని ఆమె వాదము. ఈ వాదములో పదును కలదు. ఐనను దీనిని ఎత్తి తెచ్చి యథాతథముగా మన నేలలో నాటజూచువారితో నేను ఏకీభవింపలేను. మన దేశములో మాంసము తినకుండుట దయకు గుర్తుగా కంటె కులమునకు గుర్తుగా ఎక్కువ కాలము చెల్లినది; వంటింటిలో మాంసమున్నదన్న నెపముతో ఇల్లు అద్దెకు దొరకని విద్యార్థులు ఢిల్లీలోను హైదరాబాదులోను నేటికిని ఉన్నారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపినపుడు చెలరేగిన ఘర్షణలును, అదే యేట కటవారియా సరాయ్ ప్రక్కనున్న జె.ఎన్.యు.లో తలపెట్టిన అట్టి పండుగ ఢిల్లీ హైకోర్టు ఆజ్ఞతో ఆగుటయు, ఈ దేశములో అన్నము చుట్టు ఎంత చరిత్ర పెనవేసికొన్నదో చెప్పును. చచ్చిన పశువును మోయు పని ఎవరికి అప్పగించి, దాని మాంసము తినినందుకు ఎవరిని అంటరానివారని దూరముంచిరో ఆ సమాజము, జంతుకారుణ్యమును గూర్చి ఆ వాడ తల్లికి బోధింప బూనుట సిగ్గుపడవలసిన విషయము. కంచ ఐలయ్యగారు 2004లో ప్రకటించిన గ్రంథములో గేదెను గూర్చి లేవనెత్తిన ప్రశ్న ఇక్కడ జ్ఞాపకము చేసికొనదగినది: పాలలో పెద్ద వాటా ఇచ్చు నల్లని గేదెకు పూజయు లేదు, రక్షణయు లేదు, ఆవునకే రెండును ఏల?

ఆ ప్రశ్నను నేను ఇంకొక మెట్టు పైకి తీసికొనిపోదును. పూజింపబడు ఆవునకు గాని, పూజింపబడని గేదెకు గాని పాడిపరిశ్రమలో కలుగు గతి యొక్కటే. అది ఆడుదాని గర్భము చుట్టు తిరుగు గతి. చూడి కట్టించుట, ఈనించుట, పాలు పిండుట, మరల చూడి కట్టించుట — ఈ చక్రము ఆగిన నాడు ఒట్టిపోయిన పశువు అంగడికి పోవలసినదే. పెయ్యదూడ పుట్టిన ఇంట సంతోషము, దున్నదూడ పుట్టిన ఇంట నిట్టూర్పు. దానికి తల్లిపాలు దక్కుట కూడ భాగ్యమే. వేములవాడ రాజన్నకు భక్తులు కట్టు కోడెమొక్కులును, సింహాచలము అప్పన్నకు సమర్పించు కోడెదూడలును అనాదియైన భక్తికి చిహ్నములే గాని, ట్రాక్టరు వచ్చి ఎద్దు అవసరము తీరిన నేటి కాలమున, ఆ దూడలకు మేత, నీడ, పశువైద్యుడు లేనిచో మొక్కు తీర్చినవాని పుణ్యము దూడకు ప్రాణాంతకమగుచున్నది. యామినీ నారాయణన్ 2023లో ప్రకటించిన గ్రంథములో, తల్లియని కీర్తింపబడు ఆవు పాడిలో తల్లిగా ఎట్టి బాధలకు లోనగుచున్నదో విస్తరించి వ్రాసినది.

ఈ తల్లితనపు ముడి ఎంత బిగువైనదో ఢిల్లీలోనే జరిగిన ఒక వ్యాజ్యము తేటతెల్లము చేసినది. ఆక్సిటోసిన్ అను హార్మోను స్తన్యజీవులన్నింటిలోను మెదడు అడుగుననున్న గ్రంథి నుండి స్రవించును. బిడ్డ నోరు చన్నునకు తగులగనే అది విడుదలయి పాలు చేపునట్లు చేయును. కాన్పులో గర్భాశయమును సంకోచింపజేయునదియు అదియే. దూడ చచ్చినపుడు గేదె చేపదు. కొందరు దూడ తోలులో గడ్డి కూరి గేదె ముందు పెట్టుదురు. మరికొందరు సూదితో ఆక్సిటోసిన్ ఎక్కించి, లేని దూడ పేరిట పాలు పిండుకొందురు. పాలు హెచ్చుటకై పశువునకు హాని చేయు సూదులు పొడుచుటను జంతుహింసా నివారణ చట్టమే నిషేధించినది. ఈ దుర్వినియోగమును ఆపుటకని కేంద్ర ప్రభుత్వము 2018 ఏప్రిల్ 27న, ఆ మందును ప్రైవేటు సంస్థలు దేశములో అమ్ముటకు తయారుచేయరాదని, ఒక్క ప్రభుత్వరంగ సంస్థ మాత్రమే తయారుచేయవలెనని ఉత్తర్వు వెలువరించెను. గేదెకు మేలు చేయబూనిన ఆ ఉత్తర్వు మరియొక ప్రసూతిశయ్యను మరచినది. కాన్పు తరువాతి రక్తస్రావము మన దేశములో తల్లుల మరణములకు ముఖ్య కారణములలో ఒకటి. ఆ రక్తమును ఆపుటకు పల్లె ఆసుపత్రి నర్సు చేతిలోనుండు మొదటి సూది ఆక్సిటోసినే. ఒక్క కర్మాగారములో పని నిలిచినను, ఒక్క లారీ ఆలస్యమైనను, ఎక్కడో ఒక తల్లి ప్రాణము పోవునని ప్రజారోగ్య సంస్థలు మొరపెట్టుకొనగా, ఢిల్లీ హైకోర్టు 2018 డిసెంబరు 14న ఆ ఉత్తర్వును కొట్టివేసినది. విస్తారమైన దుర్వినియోగమునకు తగిన ఆధారములు లేవనియు, తల్లులకు కలుగు ముప్పును ప్రభుత్వము తూచి చూడలేదనియు న్యాయస్థానము అభిప్రాయపడినది. ఆ వివాదము తరువాత సుప్రీంకోర్టునకు చేరినది. ప్రసవించిన స్త్రీకిని ప్రసవించిన గేదెకును ఒకే మందుతో ముడిపడిన జీవితములుండగా, ఒకరిని కాపాడబోయి ఇంకొకరిని ఆపదలో పడవేయు ఆజ్ఞ వెలువడుటకు కారణము, పాడిదొడ్డిని గాని పురిటిగదిని గాని ఎరిగినవారిని ముందుగా అడుగకపోవుటయే. గేదెకు సూది పొడుచువానిని పట్టుకొను బాధ్యత పశుసంవర్ధక శాఖది, ఆహార తనిఖీ అధికారులది. ఆ బాధ్యత నెరవేరకున్న, మందునే కరవు చేయుట న్యాయము కాదు.

పాడిదొడ్డిలో పని చేయునది ఎవరో తెలుగు పాఠకులకు చెప్పనక్కరలేదు. పచ్చిమేత కోసి తెచ్చుట, కుడితి కలుపుట, పేడ ఎత్తుట, చెక్క నానబెట్టుట, అర్ధరాత్రి ఈనుచున్న గేదె ప్రక్కన కూర్చుండుట ఇంటి ఇల్లాలి పని. పాలకేంద్రము పుస్తకములో పేరును, బ్యాంకులో పడు సొమ్మును, అంగడిలో బేరమును మగవానివి. ఈ వరుసను తలక్రిందులు చేసి, నాటి కరీంనగర్ జిల్లా ములుకనూరులో స్త్రీలే సభ్యులుగా, స్త్రీలే పాలకవర్గముగా నడచు సహకార డెయిరీ ఒకటి ఈ శతాబ్దపు ఆరంభములో వెలసినది. ఆస్తి ఎవరిదో వారికే పశువుపై అధికారము. అధికారమున్నచోటనే గేదెకు ఎప్పుడు విశ్రాంతి నీయవలెనో, దూడకు ఎంత పాలు విడువవలెనో నిర్ణయించు అవకాశము. స్త్రీకి ఆ అధికారము వచ్చినంత మాత్రమున పశువు సుఖపడునని నేను హామీ ఇయ్యజాలను. స్త్రీయు మార్కెటు ధరకు లోబడినదే. కాని పశువు నొప్పిని ఎదుట కూర్చుండి చూచినవారి మాట లెక్కలోనికి రాక, పశువునకు మేలు కలుగునని మాత్రము నేను నమ్మను.

ఈ మాటకు గోదావరి మన్యమున ఒక మంచి నిదర్శనమున్నది. సంక్రాంతి వచ్చెననగా గోదావరి, కృష్ణా జిల్లాలలో పుంజుల కాళ్ళకు కత్తి కట్టి బరిలో దింపు పందెములను గూర్చి పత్రికలన్నియు వ్రాయును. చట్టము కాదన్నను, హైకోర్టు మందలించినను, ఆ మూడు దినములు కోట్ల రూపాయలు చేతులు మారుచునే యున్నవి. పుంజునకు బాదము పప్పు పెట్టి, ఈత నేర్పి, కడకు ఒక్క నిమిషములో నెత్తుటి ముద్ద చేయు ఆ క్రీడ మగవారిది. శౌర్యమని దానికి పేరు. ఆ పుంజు ఏ జాతిదో ఆ అసీల్ జాతి కోళ్ళనే మన్యపు గిరిజన స్త్రీలు పెరటిలో వేరొక విధముగా సాకుచున్నారు. వారికి ఆ పెట్ట బిడ్డ మందు కొనుటకు, పండుగకు చీర తెచ్చుటకు, కష్టకాలమున ఎవరి అనుమతి లేకుండ అమ్ముకొనుటకు చేతనున్న ఏకైక సొమ్ము. లేనివారికి ఒక పెట్టను ఇచ్చి, పుట్టిన పిల్లలలో వాటా పంచుకొను ఆచారము కూడ వారిలో కలదు. కొక్కెర తెగులు వచ్చినచో మాత్రము వారము దినములలో ఊరి కోళ్ళన్నియు చచ్చి గంపలు ఖాళీ యగును. పశువైద్యశాలలు దూరము, టీకా సీసాలు చల్లని పెట్టెలో వచ్చునవి, వచ్చినను గేదెకే గాని పెరటికోడికి ఎవరు వేయుదురు?

1992లో సాగరి రామదాసు, నిత్యా ఘోట్గే మొదలైన మహిళా పశువైద్యులు స్థాపించిన ఆంత్ర అను సంస్థ తూర్పు గోదావరి ఏజెన్సీ గ్రామములలోనికి పోయినపుడు, ముందుగా చేసిన పని ఆ స్త్రీలను ప్రశ్నించి వినుట. ఏ నెలలో తెగులు వచ్చును, ఏ ఆకు నలిపి పెట్టుదురు, ఏ జాతి కోడి ఎండకు తాళును, ఎవరి ఇంట పెట్ట పొదుగునకు కూర్చున్నది అను సంగతులన్నియు వారి నోటినుండియే తెలిసికొని, ఊరి స్త్రీలకే టీకా వేయుట నేర్పిరి. అధికారి వచ్చు దినమునకై ఎదురుచూడక, తెగులు కాలమునకు ముందే, కోళ్ళు గంప క్రింద మునగదీసికొన్న వేకువవేళ, ఎవరి వాడలో వారే వేసికొనిరి. ఆ గ్రామములలో అసీల్ పెట్టలు నిలిచినవి. వాటి వాటాలు ఇల్లిల్లు తిరిగినవి.